జేమ్సు బాండు చిత్రమాలయందలి పూర్వాపర విరోధములు

ప్రబంధమున ముందు చెప్పిన యర్థమునకును పిదప చెప్పిన యర్థమునకును పొసగకుండుటను మన యాలంకారికులు దోషముగ గణించిరి. దండి కావ్యాదర్శమున దీనికి 'వ్యర్థ'మని పేరిడి దశదోషములలో జేర్చినాడు. ఆయన చెప్పిన లక్షణము వాక్యమునకే కాక ప్రబంధమునకును వర్తించును. ఒక కవి యొక కాలమున రచించిన కావ్యమునకు ఈ నియమము నన్వయించుట సులభము. కాని పలువురు రచయితలు, పలువురు దర్శకులు, పెక్కేండ్లు ఒకే నాయకుని గూర్చి కల్పించుచు బోయిన కథాపరంపర యేకప్రబంధ మగునా? కానిచో అందు పూర్వమేది, అపరమేది? ఈ ప్రశ్నకు ఆధునికకాలమున జేమ్సు బాండు చిత్రమాలను మించిన యుదాహరణము దొరకుట కష్టము. 1962 నాటి 'డాక్టర్ నో' మొదలు 2021 నాటి 'నో టైమ్ టు డై' వరకు ఈయాన్ సంస్థవారు 25 చిత్రములు నిర్మించిరి. ఆరుగురు నటులు నాయకపాత్రను ధరించిరి. ఆ యభిరుచి తెలుగునాటికి గూడ జేరినదనుటకు 1966లో వెలువడిన 'గూఢచారి 116' సాక్ష్యము.

ఈ చిత్రములయందలి పొరపాటుల నేరి కూర్చు ప్రేక్షకులు పెక్కుమంది కలరు. వారి శ్రమ యుపేక్షింపదగినది కాదు. అయినను వారి పట్టికలలో, బల్లపైనున్న గ్లాసు చోటు మారుటయు, నాయకుని జీవితవృత్తమే మారుటయు నొక్క వరుసలో నిలుచుచున్నవి. తాళపత్రమున లేఖకుడు 'ధ'కు బదులు 'ద' వ్రాసిన దానిని, ఇద్దరు కవులు కథను రెండు తీరుల నడపిన దానిని ఒకే దోషముగ లెక్కించినట్లున్నది. దోషమును నిర్ణయింపవలెనన్న దాని కారణము నరయవలెను. ఈ మాలలో ఎల్లరును వ్రేలెత్తి చూపు మహాదోషము 1969 నాటి చిత్రమున నున్నది. అందు ప్రతినాయకుడు తా నెదురుపడి చూచిన నాయకుని గుర్తింపడు. ఇది యజాగ్రత్తవలన గలిగినది కాదనియు, మూలగ్రంథవిధేయతవలన గలిగినదనియు నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ముఖ్యోద్దేశము.

మొదట లేఖకప్రమాదముల వంటివానిని చూచి విడుతము. 'డాక్టర్ నో'లో బాండు పరుండియుండగా విషపు సాలీడొకటి యతని మేనిపై ప్రాకును. సాలీడునకును నటునకును నడుమ గాజుపలక యున్నదని కొన్ని షాట్లలో స్పష్టముగ దెలియుచున్నది. ఆ చిత్రముననే ప్రొఫెసరు డెంట్ అనువాడు చీకటిలో శయ్యపై కాల్చి గుండ్లు ముగించుకొనును. అంతట బాండు వాని పిస్తోలు స్మిత్ అండ్ వెసన్ అనియు, దానియందలి యారు గుండ్లును ముగిసినవనియు జెప్పి, తాపీగ వానిని కాల్చును. తెరపై కనబడునది మాత్రము కోల్ట్ పిస్తోలు; దాని మ్యాగజైనులో పట్టునవి ఏడు. ఆయుధవిద్యయందు ప్రవీణుడని పేరుగన్న నాయకుడు ఒక్క గుండు లెక్క తప్పియు బ్రతికి బయటపడినాడన్నమాట. ఇట్టివానిపై ఇంతకు మించిన చర్చ యనవసరము.

'డైమండ్స్ ఆర్ ఫరెవర్' (1971)లోని యొక ప్రమాదము మాత్రము నిలిచి చూడదగినది. లాస్ వేగాస్ నగరమున పోలీసులు తరుముచుండగా బాండు తన ముస్టాంగ్ కారును రెండు చక్రములపై నొరగించి యొక యిరుకు సందులో దూర్చును. ప్రవేశించునపుడు కారు కుడిప్రక్క చక్రములపై నడచుచున్నది. వెలువడునపుడు ఎడమప్రక్క చక్రములపై నడచుచున్నది. ప్రవేశమును ఒకచోటను, నిర్గమమును వేరొకచోటను చిత్రించుటయే దీనికి గారణము. దోషమును గుర్తించిన నిర్మాతలు, సందు నడుమ కారు ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు ఒరిగినట్లు, లోపల గూర్చున్నవారిని చూపు చిన్న షాటు నొకదానిని జేర్చిరి. అట్టి యిరుకు సందులో కారు అటునుండి యిటు ఒరుగుటకు చోటెక్కడిది? పొసగని రెండు పాఠములను గలుపబూని లేఖకుడు స్వయముగ నొక పాదమును గల్పించి యతికించిన తీరిది. పరిష్కర్తలు ప్రక్షిప్తముల నానవాలు పట్టునది ఇట్టి యతుకులచేతనే గదా! ఆ షాటు లేకున్నచో చక్రముల మార్పును గమనించువారు నేటికన్న తక్కువగనే యుండెడివారేమో.

దోషములు కాక, ఒకప్పుడందరకు దెలిసియుండి నేడు మరుగుపడిన విశేషములును ఈ మాలయందు గలవు. 'డాక్టర్ నో'లో ప్రతినాయకుని మందిరమున నడచుచు బాండు ఒక చిత్రపటము ముందర క్షణమాత్రము నిలిచి చూచి సాగిపోవును. ఒక్క మాటయు లేదు. అది స్పెయిను దేశపు చిత్రకారుడు గోయా రచించిన వెల్లింగ్టన్ ప్రభువు పటము. 1961 ఆగస్టులో లండనులోని నేషనల్ గ్యాలరీనుండి అది యపహరింపబడినది. చిత్రము విడుదలయిన 1962 అక్టోబరు నాటికి దాని జాడ తెలియదు. 1965లో గాని మరల లభింపలేదు. దొంగ యెవరో తెరపై సూచించిన యీ చమత్కారము నాటి లండను ప్రేక్షకునకు కంటితో చూచినంతనే బోధపడునది. నేటివానికి టీక కావలెను. శ్లేషకు నిఘంటువు కావలసినట్లు, ఇట్టి ధ్వనికి వార్తాపత్రిక కావలెను. ఇక 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' (1963)లో క్రాన్‌స్టీన్ గెలుచు చదరంగపు టాట, 1960లో లెనిన్‌గ్రాడులో స్పాస్కీ బ్రాన్‌స్టీనుపై గెలిచిన యాటకు నకలు. చివరి స్థితిలో రెండు తెల్ల బంటులు మాత్రము బల్లపై లేవు. కథలోని క్రాన్‌స్టీన్ నిజమైన స్పాస్కీ కాడు గనుక దీనిని దోషమనుటకు వలనుపడదు. చదరంగము నెరిగినవారు పోల్చుకొని యానందింపదగిన పాఠభేదము.

భారతదేశమున చిత్రించిన 'ఆక్టోపస్సీ' (1983)లో మనవారికి వెంటనే తగులునది దేశవిరోధము. బాండు మన దేశమున కాలిడునపుడు తాజమహలును చూపి, వెంటనే యుదయపురపు సరోవరతీరమును చూపిరి. ఆగ్రాకును ఉదయపురమునకును నడుమ సుమారు 500 కిలోమీటర్ల దూరమున్నది. అయితే దేశకాలాది విరోధములన్నియు నొక్కొక్కయెడ కవికౌశలముచే దోషగణనను దాటి గుణపదవి నందునని దండియే సెలవిచ్చియున్నాడు. తాజమహలునకు ఆ కౌశలము లేదు. అది పరదేశపు ప్రేక్షకునకు 'ఇది భారతదేశము' అని చెప్పు చీటి వంటిది, అంతియే. కాని యదే ఘట్టమున పాములవాని వేషమున నున్న విజయ్ అను సహాయకుడు (ఈ పాత్రను ధరించినది మద్రాసు టెన్నిసు క్రీడాకారుడు విజయ్ అమృతరాజ్) నాగస్వరముపై బాండు చిత్రముల ప్రసిద్ధమైన బాణీనే యూదును. బాండు విని యానవాలు పట్టును! తన కథకు గూర్చిన నేపథ్యసంగీతమును కథలోని పాత్ర వినుట తర్కమునకు నిలువదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు రామాయణము నడుమ జొరబడి ఊరి ముచ్చట లాడినపుడు మనము తర్కింతుమా? కౌశలమనగా నిది.

ఇట్టి చమత్కారమునకు పూర్వరూపము 1969 నాటి 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'లో గలదు. అందు డ్రాకో అనువాని కార్యాలయమున ఊడ్చుచున్న పనివాడొకడు 'గోల్డ్‌ఫింగర్' బాణీని ఈలవేయుచుండును. ఇక నీ చిత్రమును నిదానముగ పరిశీలింపవలసియున్నది.

విరోధ మిట్టిది. 1967 నాటి 'యూ ఓన్లీ లివ్ ట్వైస్'లో బాండును, ప్రతినాయకుడు బ్లోఫెల్డును జపానుదేశపు అగ్నిపర్వతగర్భమున ముఖాముఖి కలిసికొనిరి, సంభాషించిరి. తరువాతి చిత్రమగు 1969 నాటి చిత్రమున బాండు వంశవృక్షపరిశోధకుడగు సర్ హిలరీ బ్రే యను మారుపేరుతో బ్లోఫెల్డు నివసించు ఆల్ప్స్ పర్వతశిఖరమునకు బోవును. బ్లోఫెల్డు అతనిని గుర్తింపడు. బాండు పాత్రధారి షాన్ కానరీనుండి జార్జి లేజన్‌బీకి మారినాడనియు, బ్లోఫెల్డు పాత్రధారి డోనాల్డ్ ప్లెజెన్స్‌నుండి టెలీ సవాలాస్‌కు మారినాడనియు, కావున పరస్పరము గుర్తుపట్టకుండుట వింత కాదనియు హాస్యమాడువారు కలరు. ఆ సమాధానము విదూషకునకు తగును గాని విమర్శకునకు తగదు.

నిర్మాతలు మరచిరి యందమా? ఆ మాట యసంభవము. దర్శకుడు పీటర్ హంట్ ఈ మాలయందలి మొదటి నాలుగు చిత్రములకు ఎడిటరు. వాని ప్రతి షాటును చేతితో ముట్టిన వాడు. పైగా ఈ చిత్రము గతమును స్మరించినంతగ అంతకు ముందటి చిత్రమేదియు స్మరింపలేదు. ప్రారంభపు టైటిళ్లలోనే వెనుకటి చిత్రముల దృశ్యములు గలవు. ఉద్యోగమునకు రాజీనామా యిచ్చిన బాండు తన బల్ల సొరుగునుండి ఒక్కొక్క వస్తువును వెలికి దీయును: 'డాక్టర్ నో'లో హనీ ధరించిన కత్తి, 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'లో గ్రాంట్ ఉరిత్రాటిని దాచిన చేతిగడియారము, 'థండర్‌బాల్'లో నీట మునిగినపుడు వాడిన శ్వాసయంత్రము. ఒక్కొక్కదానికి ఆ చిత్రపు సంగీతము వినిపించును. శకుంతలకు పోయిన యుంగరమువలె, ఇవి యభిజ్ఞానములు. నటుడు మారినను నాయకుడు మారలేదని రుజువు చేయుటకే యీ సన్నివేశము కల్పింపబడినది. ముఖము మారుటకు శస్త్రచికిత్స గారణమని చెప్పవలెనన్న యాలోచన రచనాదశలో వచ్చి విడువబడినదని గూడ తెలియుచున్నది. పూర్వకథను ఇంత జాగ్రత్తగ మోసికొనివచ్చినవారు రెండేండ్ల క్రిందటి సమాగమమును మాత్రము మరచిరనుట పొసగదు.

కారణము మూలగ్రంథముల క్రమమున నున్నది. ఇయాన్ ఫ్లెమింగ్ నవలలలో బ్లోఫెల్డు కథ మూడింటియందు నడచినది: 'థండర్‌బాల్' (1961), 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' (1963), 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' (1964). మొదటిదానిలో బాండు, బ్లోఫెల్డు ఎదురుపడరు. కావున రెండవదానిలో బాండు మారుపేరుతో బోయి బ్లోఫెల్డు నెదుట నిలుచుట సహజమే. ఆ కథ చివర బాండు పెండ్లియాడిన ట్రేసీ హతురాలగును. మూడవదానిలో బాండు జపానులో బ్లోఫెల్డును పట్టి పగదీర్చుకొనును. చిత్రములందు రెండవదియు మూడవదియు తారుమారైనవి. పగ తీరిన పిదప హత్య జరిగినట్లు, ఉద్యోగపర్వము విని విరాటపర్వమునకు వచ్చినట్లు అయినది.

ఇట్లు తారుమారు చేయవలెనని నిర్మాతలు మొదటినుండి తలపలేదనుటకు ఒక మంచి యాధారము గలదు. మన కావ్యములలో ఆశ్వాసాంతగద్య యెట్టిదో, ఈ చిత్రములకు చివరి టైటిలు అట్టిది; బాండు మరల ఏ చిత్రమున వచ్చునో ప్రకటించుట దాని పని. 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్' బ్రిటిషు తొలి ప్రతులలో ఆ స్థానమున నున్న పేరు 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'. తరువాతి ప్రతులలో దానిని మార్చిరి. ఆ ప్రకటనము నెరవేరియున్నచో 1967 నాటి సమాగమమునకు ముందే యీ కథ తెరకెక్కియుండెడిది, విరోధమే పుట్టకుండెడిది.

తీరా 1969లో హంట్ ముందర రెండు మార్గము లుండెను. వెనుకటి చిత్రమును మన్నించి మారువేషపు కథను విడుచుట యొకటి. నవలను మన్నించి వెనుకటి చిత్రమును ఆ యొక్క విషయమున లేనట్లు భావించుట రెండవది. ఆయన రెండవదాని నెన్నుకొనెను. మారువేషపు కథ తీసివేసినచో ఆ నవలలో మిగులునది స్వల్పము. నా యభిప్రాయమున ఆ యెన్నిక యుక్తమైనది. ఈ మాలలో నవలకు మిక్కిలి సన్నిహితమైన చిత్రములలో నిది యొకటియగుటయు, విరోధములలో పెద్దది దీనియందే యుండుటయు కాకతాళీయము గావు. ఒకటి రెండవదాని మూల్యము. మన కవిత్రయ భారతమునకు ఈ యగచాటు తప్పినది. నన్నయ యరణ్యపర్వము నడుమ విడిచినను, తిక్కన విరాటపర్వమునుండి సాగించినను, పిదప వచ్చిన యెఱ్ఱన నడిమి భాగమును బూరించినను, మువ్వురి యెదుట వ్యాసుని గ్రంథము సంపూర్ణముగ, క్రమము చెడక నిలిచియున్నది. రచనాక్రమము కథాక్రమమును చెరుపలేదు. బాండు చిత్రకారులు మాత్రము మూలము నొక కంటను, తమ వెనుకటి చిత్రమును రెండవ కంటను చూడవలసినవారైరి.

ఈ చిత్రమున ఎక్కువమంది గమనింపని మరియొక విశేషమున్నది. బ్లోఫెల్డు చివరకు బాండును పట్టునది ముఖమును బట్టి కాదు. తన వంశీయుల సమాధులు ఆగ్స్‌బర్గ్ పట్టణపు పెద్ద దేవళమున నున్నవని బాండు చెప్పియుండెను. అవి యున్నది సెయింట్ అన్నా దేవళమున. నిజమైన వంశవృక్షపరిశోధకుడు ఇట్టి పొరపాటు చేయడని బ్లోఫెల్డు నిశ్చయించుకొనును. పొరపాటుల పట్టికలలో నగ్రస్థానము వహించు చిత్రమున, కథ మలుపు తిరుగుట వివరమునందలి యొక పొరపాటు పట్టుబడుట చేతనే!

నాయకుడు ఒక్కడా, పలువురా యను వివాదమును ఇచటనే పరిశీలింపవచ్చును. జేమ్సు బాండు అనునది యొక వ్యక్తి పేరు కాదనియు, ఉద్యోగముతోబాటు సంక్రమించు మారుపేరనియు కొందరు వాదింతురు. నటులు మారుటయు, దశాబ్దములు గడచినను వయస్సు పెరుగకుండుటయు నీ వాదముచే చక్కగ సమన్వయపడును. కాని ట్రేసీ సమాధి దీనిని నిలువనీయదు. లేజన్‌బీ పాత్రధారిగ నున్నపుడు చనిపోయిన భార్యను గూర్చి 1977 నాటి 'ది స్పై హూ లవ్డ్ మీ'లో ప్రసంగము రాగా రోజర్ మూర్ బాండు మాట తుంచివేయును. 1981 నాటి 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ'లో అతడే యామె సమాధిపై పూలుంచును; రాతిపై 1943, 1969 సంవత్సరములు చెక్కియున్నవి. 1989 నాటి 'లైసెన్స్ టు కిల్'లో టిమొతీ డాల్టన్ బాండును గూర్చి, అతనికి చాలకాలము క్రిందట వివాహమైనదని మిత్రుడు లీటర్ తన భార్యతో జెప్పును. మువ్వురు నటులు, ఒక్క వైధవ్యము. వయస్సు మాట యందురా, కానరీ తరువాత వచ్చిన మూర్ అతనికంటె దాదాపు మూడేండ్లు పెద్దవాడు. నటుల వయస్సునుబట్టి నాయకుని వయస్సును లెక్కించుట మొదటినుండియు వ్యర్థమే.

లీటరు విషయముగూడ ఇచట చెప్పవలెను. 1954 నాటి 'లివ్ అండ్ లెట్ డై' నవలలో అతడు సొరచేప వాత బడి అంగవికలు డగును. 1973 నాటి చిత్రమున ఆ ఘట్టమును విడిచిరి. పదునారేండ్లకు పిదప 'లైసెన్స్ టు కిల్'లో దానిని తెచ్చి చేర్చిరి. రెండు చిత్రములందును లీటరు పాత్రధారి డేవిడ్ హెడిసనే. నడుమ 1987లో వేరొక నటుడా పాత్రను ధరించియుండగా ఇతనినే మరల బిలిచిరి. నవల విధించిన గాయము ఆలస్యముగనైనను తగిన వానికే తగిలినది.

2006 నాటి 'కసీనో రాయేల్'తో డేనియల్ క్రెయిగ్ నాయకుడుగ కథ మొదటికి వచ్చినది. అందు బాండునకు హత్యాధికారము గల యుద్యోగము క్రొత్తగ లభించును. అయినను అధికారిణి 'ఎం' పాత్రలో, 1995 నాటి 'గోల్డెన్‌ఐ'లో క్రొత్తగ పదవికి వచ్చినట్లు కనబడిన జూడీ డెంచ్ యే కొనసాగినది. ఒకే నటి రెండు పాత్రలు ధరించినదని సరిపెట్టుకొనవచ్చును, ఎన్.టి. రామారావు 'శ్రీకృష్ణపాండవీయము' (1966)లో కృష్ణుడును దుర్యోధనుడును దానే యయినపుడు మన మాక్షేపింపలేదు. ఆస్టన్ మార్టిన్ కారునకు ఈ సమాధానము చెల్లదు. 2006 చిత్రమున బాండు బహామా ద్వీపములలో జూదమాడి యా కారును గెలుచును. దాని స్టీరింగు ఎడమవైపున నున్నది. 2012 నాటి 'స్కైఫాల్'లో అతడు వెలికి దీసిన కారునకు స్టీరింగు కుడివైపున నున్నది. 'గోల్డ్‌ఫింగర్' నాటి బి.ఎం.టి. 216 ఎ నంబరును, దీపముల వెనుక తుపాకులును, ప్రక్కవానిని ఎగురగొట్టు ఆసనమును గలవు. ఇది జూదమున గెలిచిన కారు కాదు; 1964లో మరియొక బాండు నడపిన కారు. చిత్తము భావావేశమునకు లోనయిన యవస్థలో విరుద్ధోక్తియు సమ్మతమని దండి చెప్పినది పాత్ర చిత్తమును గూర్చి. ఇచట నావేశము పాత్రది కాదు, పాత చిత్రముల నెరిగిన ప్రేక్షకునిది. ఆ చప్పట్ల కొరకే కారు తేబడినది. 1969 నాటి విరోధమును సమర్థించిన నేను దీనిని సమర్థింపజాలను. అది మూలమునకు చెల్లించిన ఋణము. ఇది క్రొత్త కథను మొదలిడియు పాత యాస్తిని విడువలేని పేరాస.

'నో టైమ్ టు డై' చివర, 1969 చిత్రమునకై లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన పాట వినిపించును. క్రెయిగ్ బాండు ట్రేసీ నెరుగడు. ఆ సమాధి యతని జీవితమున లేదు. అయినను ఆ పాట యచట కారువలె నెరసుగ తోపదు. కారు తెరపై వస్తువు; పాట వినువాని జ్ఞాపకమునకు జెందినది. ఈ భేదమును ఇంకను సూక్ష్మముగ విచారింపవలసియున్నది.

ఇట్టి పరిశోధనకు పూనుకొనువారు తాము చూచినది ఏ ప్రతియో తెలుపక తప్పదు. 'గోల్డ్‌ఫింగర్' చివరి టైటిలు మారినదని ముందే చెప్పితిని. 1977 చిత్రము తరువాతిది 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' యని ప్రకటించెను. 'స్టార్ వార్స్' విజయమును జూచి నిర్మాతలు ముందుగ 'మూన్‌రేకర్' (1979)ను దెచ్చిరి. 'ఆక్టోపస్సీ' ప్రకటించిన 'ఫ్రమ్ ఎ వ్యూ టు ఎ కిల్' 1985లో మొదటి పదమును గోల్పోయి వెలువడినది. అటుపిమ్మట రాబోవు చిత్రము పేరు చెప్పుట మానిరి. 2021 చిత్రమున నాయకుడు మరణించినాడు. దాని చివరను, జేమ్సు బాండు మరల వచ్చునను వాక్యము మాత్రము యథాప్రకారము గలదు.